పసుపుకుంకుమకు పిలవనివాళ్లు

నలుగురు పిల్లలున్న తల్లి తనకు ముగ్గురేనని నా మొహం మీదే చెప్పడం నేను నాందేడ్‌లో విన్నాను. ఆ నాలుగోవాడు అప్పుడు అదే ఇంట్లో, జొన్నల బస్తాల గదిలో నిలబడి తలుపు గొళ్లెం ఆడిస్తున్నాడు. ఆ చప్పుడు నాకు వినబడుతోంది, ఆమెకూ వినబడుతోంది. "పిల్లి" అంది ఆమె. గొళ్లెం ఆడించే పిల్లిని నేను అంతకుముందు ఎరగను. చాయ్ తాగి లేచి వచ్చేశాను.

ఇది డెబ్బైల చివరి మాట. బజారులో మాకు ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. మామగారి కాలంలో ధర్మాబాద్ నుంచి వచ్చి నాందేడ్‌లో కుదురుకున్న తెలుగువాళ్లం. మా రెండో పిల్లకు అప్పుడు తొమ్మిదేళ్లు. కళ్లు బాగా కనబడతాయి, చెవులు బాగా వినబడతాయి, తెలివి మాత్రం మూడేళ్ల పిల్లది. మాటలు నాలుగైదు వచ్చు. సంతోషం పుడితే కంచం బోర్లించి గరిటతో కొడుతుంది. మా ఇంట్లో కంచాలకు కొదవ లేదు కాబట్టి ఆ ఒక్క సుఖం దానికి ఎప్పుడూ తక్కువ కాలేదు.

దాన్ని బడిలో వేయడానికి నేను పడ్డ పాట్లు చెబితే ఒడవవు. మా వీధి చివరి బడిలో వేస్తే వారం తిరక్కుండానే పంపేశారు. పక్కపిల్ల పలక లాక్కుందట. పలక లాక్కోని పిల్ల ఈ బడిలో ఎవరో చూపించండి అన్నాను. చూపించలేదు, మా పిల్లనూ ఉంచుకోలేదు.

చివరికి ఇంకో బడి హెడ్మాస్టర్ మాత్రం కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మరాఠీ ఆయన, నిదానస్తుడు. ఆయన దగ్గర ఒక టీచరమ్మ ఉంది. ఇలాంటి పిల్లలకు ఎలా నేర్పాలో పూణే వెళ్లి నేర్చుకుని వచ్చింది, వచ్చి రెండో తరగతికి ఎక్కాలు చెబుతోంది. మధ్యాహ్నం పూట ఒక గది ఖాళీగా ఉంటుంది. "గది ఇస్తాను, టీచరును ఇస్తాను" అన్నాడాయన మరాఠీలో, "మీ ఒక్క పిల్ల కోసమైతే పైవాళ్లు ఒప్పుకోరు. అలాంటి పిల్లల్ని ఎనిమిది మందిని తీసుకురండి. వాళ్ల ఇళ్లవాళ్లంతా కలిసి పాలక్ సంఘ్, అదే తల్లిదండ్రుల సంఘం, పెట్టుకోండి. జూన్‌లో బడి తెరిచేలోగా తెస్తే మొదలుపెడదాం."

ఎనిమిది మందే కదా అనుకున్నాను. ఇంటికి వచ్చి చెబితే మా ఆయన "చూద్దాం" అన్నాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన అన్నింటికీ చూద్దామనే అంటాడు. ఇంతవరకూ చూసింది ఏదీ లేదు.

మా అత్త మాత్రం చూద్దామనలేదు. ఇస్లాపూర్‌లో ఆమె తమ్ముడున్నాడు. చేను, పశువులు, పెద్ద వాకిలి, ఊరి పక్కనే అడవి. "ఈడ నలుగుర్ల ఇజ్జత్ పోవుడు తప్ప ఏమున్నది?" అంది. "బజార్ల పొల్లగాండ్లు దాన్ని జూసి రాళ్లేస్తుండ్రు. ఆడనైతే ఎవ్వలేమనరు. తింటది, తిరుగుతది. ఆనలు పడంగనే తమ్మి అచ్చి తోల్కపోతడు." కొడుకునూ ఒప్పించింది. జూన్‌లోపు నీ సంఘమేదో అయితే సరే, లేకపోతే ఇస్లాపూర్ అని మా ఆయన తేల్చేశాడు. చూద్దాం అనకుండా ఆయన తేల్చింది జన్మలో అదొక్కటే, అదీ నా ప్రాణానికొచ్చింది.

అక్కడికి పోయిన పిల్ల మళ్లీ ఇంటికి రాదని నాకు తెలుసు. మొదట్లో సెలవులకు వెళ్లి చూసి వస్తాం. తర్వాత ఏడాదికోసారి. ఆ తర్వాత అటు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఎట్లుంది అని అడుగుతాం. పశువులతో లేచి పశువులతో పడుకునే పిల్లగా నా బిడ్డ పెరుగుతుంది.

కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాను. ఏ ఇంట్లో అలాంటి పిల్లలున్నారో బజారులో అందరికీ తెలుసు, ఆ ఇంటివాళ్లకు తప్ప. బట్టల దుకాణం వాళ్లావిడ "మావోడు జర మెల్లగ మాట్లాడ్తడు, గంతే. ఆళ్ల నాయన గూడ చిన్నప్పుడు గట్లనే ఉండె" అంది. వాళ్ల నాయన ఇప్పుడు మాత్రం ఏం మాట్లాడుతున్నాడని నేను అనలేదు, నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకొకామె నా రెండు చేతులూ పట్టుకుంది. "పెద్దపిల్లకు నిజామాబాద్ సంబంధం మాట్లాడుతున్నం అక్కా. అది అయ్యేదాంక మా ఇంటి దిక్కు రాకు, నీకు దండం పెడ్త." మరాఠీ గుమాస్తా భార్య తన పిల్లకు దిష్టి తగిలిందని, దీపావళికల్లా పోతుందని చెప్పింది. ఏ దీపావళికో చెప్పలేదు.

ఇక ప్రతి ఇంట్లోనూ వినబడ్డ మాట ఒకటుంది. "మా అత్తనడగాలె." పిల్ల పేరెత్తితే అత్తనడగాలె, బడి పేరెత్తితే అత్తనడగాలె. అబ్బో, బజారులో చీరలు కొనేటప్పుడు వీళ్లెవరికీ అత్త గుర్తుకు రాగా నేను చూడలేదు. తప్పించుకోవడానికి అందరూ ఒకే మాట నేర్చుకున్నారని ఒళ్లు మండిపోయింది.

చైత్రం వచ్చింది. మరాఠీ ఇళ్లలో ఆ నెల పసుపుకుంకుమకు ముత్తయిదువలను పిలుస్తారు. మా తెలుగు ఇళ్లకూ ఆ అలవాటు అంటుకుంది. నుదుట బొట్టు పెట్టి, ఒడిలో నానిన శెనగలు పోసి, పన్హం అనే మామిడికాయ పానకం ఇచ్చి పంపడం. సంఘం పెడుతున్నా రండి అంటే రానివాళ్లు పసుపుకుంకుమకు రండి అంటే రాకుండా ఉండలేరు. రాకపోతే దోషం. ఈ ఉపాయం తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఒక్కొక్క ఇంటికీ వెళ్లి, పిలుపు చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "పిల్లల్ని గూడ తోల్కరాండ్రి. హెడ్మాస్టర్ అస్తడు, ఊకె గట్ల చూసి పోతడు" అన్నాను. అందరూ అర్థమైనట్టు తలలూపారు. అర్థమయిందనే నేనూ అనుకున్నాను.

మా అత్త భర్త పోయిన మనిషి. పసుపుకుంకుమ రోజు ఆమె ముందుగదిలోకి రాదు. రావద్దని ఎవరూ అనరు, వస్తానని ఆమె అనదు, మా ఇళ్లలో అదంతే. పొద్దున్నే శెనగలు నానబోసి, మామిడికాయలు తురిమి ఇచ్చి, వెనకగదిలోకి వెళ్లి కూర్చుంది. నేను పీటలు వేసే తొందరలో పిల్ల ఎక్కడుందో చూసుకోలేదు.

సాయంత్రం అందరూ వచ్చారు. పిలిచినవాళ్లలో ఒక్కరు తప్పలేదు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క పిల్ల, పిల్లాడు. పౌడరు కొట్టుకుని, రిబ్బన్లు కట్టుకుని, చెప్పులు వరసగా విడిచి, చేతులు జోడించి నమస్కారం పెట్టే పిల్లలు. ఒకడు ఎవరూ అడక్కుండానే పన్నెండో ఎక్కం అప్పజెప్పాడు. ఆడవాళ్ల పేరంటమని హెడ్మాస్టర్ బయటి అరుగు మీద మా ఆయన పక్కన కూర్చుని ఉన్నాడు. కిటికీలోంచి తొంగిచూసి, చాలా మర్యాదగా, "వహినీ, హీ సగళీ ములం ఆమచ్యాచ్ శాళేతలీ ఆహేత" అన్నాడు. ఈ పిల్లలందరూ మా బడివాళ్లేనమ్మా అని. ఎక్కం చెప్పినవాడు వాళ్ల తరగతిలో మొదటివాడట.

నాకు తల కొట్టేసినట్టయింది. బట్టల దుకాణం ఆమెను వంటింట్లోకి లాక్కెళ్లాను. "నేను ఏ పిల్లగాన్ని తోల్కరమ్మన్న, నువ్వు ఎవన్ని తోల్కచ్చినవ్?"

"హెడ్మాస్టర్ చూస్తడంటివి గద" అంది ఆమె, తప్పేమిటో తెలియక. "చూపెట్టేటోన్ని తోల్కచ్చిన."

"మరి వాడు?"

"వాన్ని మా అత్త ఇయ్యద్దూ?"

మళ్లీ అత్త. నెత్తీ నోరూ కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. సరిగ్గా అప్పుడే వెనకగదిలో కంచం మోగింది. ఠంగు ఠంగుమని, మా పిల్ల సంతోషపడే చప్పుడు. ముందుగదిలో అందరూ తమ ఒడిలో శెనగలు చూసుకుంటున్నారు. వాళ్లందరికీ ఆ చప్పుడు తెలుసు, ఒక్కో ఇంట్లో ఒక్కో రకం చప్పుడు ఉండే ఉంటుంది. హెడ్మాస్టర్ అరుగు మీంచి "మీ అమ్మాయేనా?" అని అడిగాడు. అవునన్నాను. "సరే, ఒకరున్నారు. ఇంకా ఏడుగురు కావాలి" అని పన్హం గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక వెనకగదికి పోయాను. పిల్ల అత్త ఒడిలో సగం పడుకుని కంచం కొడుతోంది. పిల్లతల్లులను పిలిచి, నా పిల్లనే దాచిపెడితే ఇక నేను వాళ్లకేం చెప్పాలి? అరిచేశాను.

"దాన్నెందుకు లోపట కూసోబెట్టినవ్? దానికేమయింది?"

అత్త తల ఎత్తలేదు. "నేను గూడ లోపట్నే కూసున్న. నాకేమన్నయిందా?"

నాకు కోపం ఇంకా పెరిగింది. మిగిలిన శెనగల గిన్నె అక్కడ పడేసినట్టు పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత గురువారం వచ్చింది. ప్రతి గురువారం పొద్దున అత్త పిల్లను తీసుకుని నది ఒడ్డున ఉన్న చిన్న దర్గాకు వెళ్లి మెడలో దారం కట్టించుకొచ్చేది. ఆ దారాల మీద మా ఇద్దరికీ ఎప్పుడూ గొడవే. ఆమె కట్టిస్తుంది, అది చెమటకు నల్లబడితే నేను తీసేస్తాను, ఆమె మళ్లీ కట్టిస్తుంది. ఆ రోజు నా విసుగంతా ఆ దారం మీదికి మళ్లింది. సంఘం లేదు, బడి లేదు, వానలు పడితే పిల్ల కూడా ఉండదు, ఇంకా ఈ దారాలొకటా అనుకుని, వాళ్లు వెళ్లిన కాసేపటికి రిక్షా ఎక్కి వెనకే పోయాను. అక్కడే తెంపి పారేయాలని.

దర్గా గోడ బయట వేపచెట్టు నీడలో ముసలమ్మలు గుంపుగా కూర్చుని ఉన్నారు. అందరివీ బోసి నుదుళ్లు, వెలిసిన చీరలు. వాళ్ల చుట్టూ పిల్లలు. గొళ్లెం ఆడించే పిల్లి అక్కడుంది, పన్నెండేళ్ల పిల్లాడు, పై పెదవి మీద నూగు వస్తోంది. మెల్లగా మాట్లాడేవాడు అక్కడున్నాడు, అసలు మాట్లాడడు. దీపావళికి దిష్టి పోవలసిన పిల్ల ఉంది. నిజామాబాద్ సంబంధం వాళ్ల పిల్లాడున్నాడు. మా పిల్ల ఒక టిఫిను డబ్బా మూత కొడుతుంటే గొళ్లెం పిల్లాడు ఎగిరెగిరి నవ్వుతున్నాడు. ఒక ముసలమ్మ పక్కావిడ మనవరాలి ముక్కు తన కొంగుతో తుడుస్తోంది. నేను ఎండలో పడి వీధి వీధీ వెతికిన పిల్లలందరూ ఇక్కడ చెట్టు కింద పల్లీలు తింటున్నారు.

నేరుగా వెళ్లి అత్త ఎదురుగా నిలబడ్డాను. "నీకు వీళ్లందరు ఎరుకనేనా?"

"ఎరుకనే" అంది అత్త, పల్లీ పొట్టు ఊదుతూ. "మస్తు దినాల సంది ఎరుక."

"మరి నాకెందుకు చెప్పలే? చచ్చేటట్టు తిరుగుతుంటి గద?"

"నువ్వడిగినవా?"

ఆమే అంది. "కోడండ్లనడిగినవ్. పసుపుకుంకుమకు కోడండ్లను పిలిస్తివి. ఆళ్లకు వంటలు, సంటిపిల్లలు. పొద్దుందాక ఈళ్లకు తినవెట్టేదెవలు, కడిగేదెవలు? మేం. మమ్ములనడగక ఏ కోడలు ఈళ్లను గడప దాటిస్తది?"

మరాఠీ ముసలమ్మ ఒకామె "క్యా హువా?" అంది. మా అత్త తన హిందీలో "ఇస్కూల్ కే వాస్తే లడ్తీ" అని, బడి కోసం కొట్లాడుతోందని, నన్ను చూపించింది. అలాగే సరే అని, నేను అక్కడే మట్టిలో కూలబడి, వచ్చిన మూడు భాషల్లోనూ చెప్పాను. గది ఉంది, టీచరమ్మ ఉంది, మధ్యాహ్నం పూట, ఎనిమిది మంది కావాలి. వాళ్లు బడి గొప్పదా కాదా అని అడగలేదు. టీచరమ్మ కొడుతుందా అని ఒకామె అడిగింది. మావాడు చెప్పకుండా బట్టలు తడుపుతాడు, కసురుకుంటారా అని ఇంకొకామె. చివరికి, "మేం గూడ కూసోవచ్చునా?" అని గొళ్లెం పిల్లాడి నాయనమ్మ అడిగింది. హెడ్మాస్టర్‌ను అడగకుండానే కూర్చోవచ్చని చెప్పేశాను. "దోపర్‌కూ మై ఖాలీచ్ రహతీ" అంది మరాఠీ ముసలమ్మ. మధ్యాహ్నం నాకు పనేముంది అని.

మా అత్త మాత్రం అవుననలేదు, కాదనలేదు. దారం కట్టించుకుని, పిల్ల చేయి పట్టుకుని ఇంటి దారి పట్టింది. తెంపుదామని వెళ్లిన దారం సంగతి నాకు ఇంటికి వచ్చాక గాని గుర్తుకు రాలేదు.

సంఘం మొదటి సమావేశం బడి ఆవరణలో జరిగింది. దాన్ని సమావేశం అనాలంటే నాకు ఇప్పటికీ నవ్వూ, ఏడుపూ వస్తాయి. హెడ్మాస్టర్ తండ్రుల కోసం కుర్చీలు వేయించాడు. తొమ్మిది మంది ముసలమ్మలు వచ్చి కుర్చీల పక్కన నేల మీద కూర్చున్నారు. తండ్రులేరి అని ఆయన అడిగితే దుకాణాల్లో అన్నారు. అధ్యక్షురాలు ఎవరు అంటే అందరూ నన్ను చూపించారు, నేను చెప్పిన మాట మాత్రం ఒక్కరూ వినలేదు. గురువారం దర్గా, గురువారం బడి పెట్టొద్దన్నారు. అమావాస్యనాడూ వద్దన్నారు. ఒకామె తన మనవడు బడి కుండలో నీళ్లు తాగడని, తాను ఇంటి నుంచి చెంబు తెస్తానని పట్టుబట్టింది. ఆ మీద మడి గురించి, నీళ్ల గురించి గంట సేపు వాదన. అది తేలకముందే మిరపకాయల ధర మీదికి పోయింది. హెడ్మాస్టర్ నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేదు. ఎనిమిది మందిని తెమ్మన్నది ఆయనే, నేనేం చేసేది? మా అత్త అందరికంటే ముందు కూర్చుంది గాని, నోరు విప్పలేదు.

జూన్‌లో గది తెరిచారు. టీచరమ్మ పూసలు గుచ్చించడం, గుండీలు పెట్టించడంతో మొదలుపెట్టింది. ముసలమ్మలు గోడకు ఆనుకుని కూర్చుని, పిల్లలకంటే ముందు తామే గుచ్చేసేవారు. టీచరమ్మ రోజూ నాతో మొర పెట్టుకునేది, నేను రోజూ వాళ్లతో తగువాడేదాన్ని, వాళ్లు రోజూ సరేననేవాళ్లు. మా పిల్ల పలక మీద గీతలు గీయడం నేర్చుకుంది. గీసిన ప్రతిసారీ పలకను కంచంలా కొట్టేది.

సంఘమైతే అయింది, మరి ఇస్లాపూర్ మాట? మా ఆయన్ని అడిగితే "అమ్మనడుగు" అన్నాడు. నాకు అడగడానికి ధైర్యం చాల్లేదు. అడిగితే పంపుతానంటుందేమోనని భయం. అడగకపోతే మరచిపోతుందేమోనని ఆశ. మా అత్త ఏదీ మరచిపోయే మనిషి కాదని తెలిసి కూడా.

గట్టి వాన పడిన మర్నాడే ఆమె తమ్ముడు దిగాడు. తడి ధోవతితో, చేతిలో గొడుగుతో, రైలు దిగి నేరుగా వచ్చాడు. అప్పుడే అన్నాలయ్యాయి. చాయ్ పెట్టి తెచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఇత్తనాలేసి అచ్చిన అక్కా" అన్నాడు ఆయన. "అర్ర అలికిచ్చిన. పొల్లకు మంచం ఏయించిన, దాని పక్కపొంటి నీకొక మంచం. సాయంత్రం రైలుకు పోదాం, ఇద్దరు తయారుగాండ్రి."

నేను చాయ్ గ్లాసు ఇవ్వడం మరచిపోయాను. "నువ్వు గూడ పోతుంటివా?"

అత్త నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "మరి? దాన్నొక్కదాన్ని పంపుతననుకున్నవా?"

ఆమె భర్త కట్టించిన ఇల్లు ఇది, ఆయన పోయిన గది ఇక్కడే ఉంది. కొడుకు ఇక్కడే ఉన్నాడు, దుకాణం ఇక్కడే ఉంది. అవన్నీ వదిలి అడవి పక్కన ఒక మంచం అడిగి పెట్టుకుంది, నాకొక్క మాటైనా చెప్పకుండా. ఇన్ని నెలలు నేను రాత్రిపూట కుమిలి కుమిలి ఏడ్చాను. "గా ఒక్క ముక్క నాకెందుకు చెప్పలే అత్తా?"

"నువ్వడిగినవా?" అంది.

మా పిల్ల అప్పటికే పలక పట్టుకుని గుమ్మంలో నిలబడి కొడుతోంది. ఇంకా ఎంతసేపు అని. అత్త మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది, చెప్పులు వేసుకుంది, పిల్ల చేయి పట్టుకుంది.

"ఇప్పుడు యాడికస్తం తమ్మీ? పొల్లకు బడున్నది. నువ్వు అన్నం తిని పో."